ఎముకల పొదుపు

హైదరాబాదునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ అను పేటలు కలవు. వాని సమీపముననే సరూర్‌నగర్ చెరువును, ఇండోర్ స్టేడియమును ఉన్నవి. ఈ పేటలలో శిక్షణాలయములు మెండు. ఉదయము మొదలు రాత్రివరకు బల్లలయొద్ద కూర్చుండి చదువు బాలికలు అనేకులు. చదువు వలన బుద్ధి వికసించును. కాని కదలక కూర్చున్నచో ఎముకల గతి యేమి?

ఎముక రాతివంటి జడపదార్థమని పలువురు తలంతురు. అది పొరపాటు. ఎముక సజీవమైనది. దానిలో పాత భాగమును కరిగించు కణములును, క్రొత్త భాగమును నిర్మించు కణములును ఎల్లప్పుడు పనిచేయుచుండును. గంతు వేసినప్పుడు నేల తాకిడికి ఎముక లేశమాత్రము వంగును. లోపలి కణములు ఆ వంపును గ్రహించి, బరువు పడినచోట ఎముకను దిట్టపరచును. టెన్నిసు ఆటగాండ్రకు రాకెట్టు పట్టు చేతి ఎముక రెండవ చేతి ఎముకకంటె లావుగా నుండుట ఇందుకు నిదర్శనము. దేహభారము తెలియని అంతరిక్షమున నెలలు గడిపిన వ్యోమగాములకు ఎముకలు పలుచబడును.

బాలికలకు ఈ నిర్మాణము పదకొండు, పదునాలుగు ఏండ్ల నడుమ మిక్కిలి వేగముగా సాగును. పదునెనిమిదేండ్లు నిండునాటికి ఎముక సంపదలో నూటికి సుమారు తొంబది పాళ్లు సమకూడును. తరువాత కూడునది స్వల్పము. నడివయసు దాటిన పిమ్మట తరుగుదలయే మిగులును. ఋతుక్రమము నిలిచిన స్త్రీలకు ఆ తరుగుదల మరింత హెచ్చును. బాల్యమున పొదుపు చాలనివారికి వార్ధక్యమున నడుము వంగును. జారిపడినంతనే తుంటి ఎముక విరుగును.

"పెద్దపిల్లవైతివి, ఇంక గంతులేల?" అని బాలికలను వారించు పెద్దలు కలరు. వారి మాటలో ప్రేమయే ఉన్నది. కాని వారు వారించు వయసే, గంతు ఎముకకు మిక్కిలి మేలుచేయు వయసు. తొక్కుడుబిళ్ళ, తాడాట, ఖోఖో, కబడ్డీ, వాలీబాలు, కోలాటము ఇందుకు తగినవి. ఈత గుండెకు మంచిదే. కాని నీరు దేహభారమును మోయుటచే ఎముకకు తాకిడి చాలదు.

ఈ ఆటలన్నియు కూడి ఆడునవి. ఒంటరి వ్యాయామము నాలుగు దినములలో మూలబడును. జట్టువారు ఎదురుచూచుచుండ మానుటకు మనసొప్పదు. ఎముకకు కావలసినది ఒకనాటి ఆర్భాటము కాదు, ఏండ్లతరబడి సాగు క్రమము. దినమునకు 60 నిమిషముల శ్రమయు, అందు వారమునకు 3 దినములైనను ఎముకలకు బలమిచ్చు వ్యాయామమును బాలలకు అవసరమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది.

కట్టడమునకు సామగ్రియు కావలయును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కప్రకారము, 13 మొదలు 15 ఏండ్ల బాలికకు దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము అవసరము. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు దానిని సమకూర్చును. ఎండ వలన లభించు డి విటమిను ఆ కాల్షియమును దేహమునకు పట్టించును. అతిగా శ్రమించి అర్ధాకలితో నుండుట మాత్రము తగదు. దానివలన ఋతుక్రమము తప్పి ఎముకలే బలహీనమగును.

ధనమును ఏ వయసుననైనను కూడబెట్టవచ్చును. ఎముకల ధనమునకు గడువు కలదు. సాయంకాలమున ఒక గంట పుస్తకము మూసి, చెలికత్తెలతో ఆటస్థలమునకు పోవు బాలిక ఆ ధనమును తన ముదిమికై దాచుకొనుచున్నది.