నెగడు నిప్పులపై కోడి రెక్కలు

బరంపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున గోపాలపురపు సముద్రతీరము కలదు. కొన్ని యేండ్ల క్రిందట శీతకాలపు సెలవులలో స్కౌటు బాలురు ఇరువది మందితో నేనక్కడ రెండు రాత్రులు బస చేసితిని. మొదటి రాత్రి వంట భారము నాది. తీపియు కారమును కలిసిన కోడి రెక్కలు నెగడు మీద కాల్చి పెట్టుదునని పగలెల్ల గొప్పలు చెప్పుకొంటిని. రెక్కలకు బెల్లపు పాకము, కారము దట్టముగా పట్టించి, భగభగ మండుచున్న మంటపై నుంచితిని. అయిదారు నిమిషములలో అవి నల్లబడినవి. వాసనకు పిల్లలు పళ్ళెములతో మూగిరి. ఒక బాలుడు మొదటి ముక్క కొఱికి, "మాస్టారండీ, లోపల పచ్చిగా ఉందండి" అనెను. విఱిచి చూడగా కీలు చెంత మాంసము ఉడుకనే లేదు. పళ్ళెములన్నియు వెనుకకు తీసికొని, ఆ రాత్రి అటుకులు మజ్జిగతో గడిపితిమి. ఆ బాలునికేమగునో యని రెండు దినములు నాకు నిద్ర పట్టలేదు. ఏమియు కాలేదు. అది మా యదృష్టమే కాని నా జాగ్రత్త కాదు.

నా పొరపాటు ఎక్కడనున్నదో పిమ్మట తెలిసికొంటిని. మాంసములోనికి వేడి మెల్లగా ప్రాకును. పైనున్న బెల్లమో, త్వరగా మాడును. చక్కెర సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దాటినచో ఎఱ్ఱబడి, ఇంకను కాగినచో నల్లబడి చేదెక్కును. తేనెలో విశేషముగా నుండు ఫలశర్కర 110 డిగ్రీల ప్రాంతముననే రంగు మారనారంభించును. కావున తేనె పూసిన ముక్క మఱింత వేగముగా మాడును. మంట వేడిమి అనేక వందల డిగ్రీలు. అట్టి సెగలో రెక్క లోపల ఎముక చెంతకు చాలినంత వేడి చేరులోపలనే పైన బెల్లము బొగ్గగును. కాబట్టి మంట పోయిన తరువాతనే వంట మొదలు కావలెను. తీపి చిట్టచివర రావలెను.

లోపలికి ఎంత వేడి చేరవలెను? 74 డిగ్రీలు. కోడిమాంసమున సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అను సూక్ష్మజీవు లుండవచ్చును. వాంతులు, విరేచనములు, జ్వరము కలిగించునవి ఇవియే. 74 డిగ్రీల వేడిమికి అవి నశించును. అయితే రెక్కలను 85 డిగ్రీల వఱకు పోనిచ్చిననే రుచి. కోడి రొమ్ముమాంసము అంతవేడికి పీచువలె ఎండిపోవును. రెక్క యట్లు కాదు. అందు మాంసము తక్కువ, తోలును స్నాయువులును ఎక్కువ. వానిలోని కొల్లాజెన్ అను జిగురు పదార్థము నిదానపు సెగలో కరగి మాంసమును మెత్తపఱచును. క్రొత్తగా వంట నేర్చువాడు పది నిమిషములు ఏమఱినను రెక్క క్షమించును. పిల్లల శిబిరమునకు నేను దీనిని ఎన్నుకొనుటకు కారణమదియే. చాలకాలము చారుకు మాత్రమే తగునని తలపబడిన ఈ భాగము, 1964లో అమెరికాలోని బఫెలో నగరపు యాంకర్ బార్‌లో నూనెలో వేచి వడ్డించిన నాటినుండి పేరుపొందినది. అది నూనె వంట, అందు తీపి లేదు. మన దారి వేఱు.

నెగడు వేయు చోటు ముందుగా చూచుకొనవలెను. సరుగుడు తోపులోనే వేయుదమని పిల్లలు ముచ్చటపడుదురు. కాని నేలపై పఱచుకొన్న ఎండు సరుగుడాకు గడ్డివామి వలె అంటుకొనును. పోనీ, ఆరుబయట ఇసుకలో వేయుదమన్న, గంజాం తీరమున మఱియొక అభ్యంతరము కలదు. ఋషికుల్యా నది సముద్రమున కలియు చోట, సాధారణముగా ఫిబ్రవరి, మార్చి మాసములలో, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకొలది ఒడ్డెక్కి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు వెడలిన పిల్లలు రాత్రివేళ నీటిపైని వెలుగును పట్టి సముద్రమునకు నడచును. ఒడ్డున మంట యున్నచో దారి తప్పి అటు వచ్చును. ఆ మాసములలోను, పిల్లలు వెలువడు వేసవి మొదటి దినములలోను తీరమున నెగడు తగదు. బస యింటి పెరటిలో ఆకులూడ్చిన నేలమీద, ప్రహరీ చాటున, యజమాని యనుమతితో వేసికొనుట మేలు. ప్రక్కన రెండు బకెట్ల నీరుండవలెను.

సరుగుడు, తుమ్మ గట్టి కట్టెలు. వీని నిప్పు చాలసేపు నిలుచును. రంగు వేసిన చెక్కలు వేయరాదు. గన్నేరు సర్వాంగ విషము, దాని కొమ్మ నెగడులోనికి గాని చువ్వకు గాని పనికిరాదు. పొయ్యిగట్టునకు ఏటిలోని తడిరాళ్ళు తేకుడు. లోని తేమ ఆవిరియై రాయి పగిలి ముక్కలెగురును. నాలుగు ఇటుకలు చాలును. కట్టెలు కాలి, మంట తగ్గి, నిప్పులపై తెల్లని బూడిద కమ్ముటకు ఇంచుమించు గంట పట్టును. ఆ గంట ఓర్వలేకనే మొదటి రాత్రి నేను చెడితిని. పాటలు, పొడుపుకథలు అప్పుడే పెట్టుకొన్నచో పిల్లలు విసుగుచెందరు. పిమ్మట నిప్పులను ఒక ప్రక్క దట్టముగా, వేఱొక ప్రక్క పలుచగా నెఱపవలెను. ఇనుప ఊచల చట్రమునకు బెత్తెడెత్తున అరచేయి చాపి లెక్కించుడు. అయిదాఱు అంకెల వఱకు ఓర్చుకొనగలిగినచో తగిన సెగ యన్నమాట. రెండంకెలకే చేయి తీయవలసివచ్చినచో ఇంకను ఆగవలెను.

అంగడిలో తోలుతోనున్న రెక్కలు కావలెనని అడుగుడు. తోలు తీసినవి నిప్పుపై ఎండిపోవును. శిబిరమునకు మంచుపెట్టెలోనే తేవలెను. కొనలను కోసి చారుకుంచి, తక్కినదానిని కీలు చెంత రెండుగా విడదీయవలెను. కిలో రెక్కలకు ఉప్పు మూడు చిన్న చెంచాలు, కారము రెండు పెద్ద చెంచాలు, అల్లము వెల్లుల్లి ముద్ద రెండు పెద్ద చెంచాలు, కొంచెము పసుపు, ఒక నిమ్మకాయ రసము పట్టించి రెండు గంటలు మంచులోనే యుంచుడు. ఇందు బెల్లము చేర్పరాదు. పచ్చిమాంసము ముట్టిన చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఆ పళ్ళెములో కాలిన ముక్కలు వేయరాదు. మిగిలిన ముద్దను కాలిన రెక్కలపై పూయుట మఱింత ప్రమాదము.

పాకము వేఱుగా కాచుకొనవలెను. 150 గ్రాముల బెల్లము, నిమ్మకాయంత చింతపండు పిసికిన చిక్కని పులుసు, ఒక పెద్ద చెంచా కారము, దంచిన మిరియాలు, చిటికెడు ఉప్పు కలిపి మరగించి, తీగపాకము రాకమునుపే దింపుడు. పులుపు తీపి వెగటును విఱుచుటయే కాక, పాకము చల్లారి పలుకు కట్టకుండ కూడ కాపాడును. మన పులుసుకూరలలో బెల్లము వేయు తల్లులకిది చెప్పనక్కఱలేదు.

రెక్కలను మొదట పలుచని నిప్పుల ప్రక్క నుంచి, మూడు నాలుగు నిమిషముల కొకమాఱు పటకారుతో త్రిప్పుచు ఇరువది నుండి ఇరువదియైదు నిమిషములు కాల్పవలెను. కొవ్వు నిప్పుపై పడి మంట లేచినచో ముక్కలను ప్రక్కకు జరుపుడు. నీరు చల్లితిరా, బూడిద లేచి వానికంటును. తోలు బంగారువన్నెకు రాగానే గుచ్చి చూచు చిన్న థర్మామీటరును ఎముకకు తగులకుండ మాంసములో దింపి చూడవలెను. రంగును మాత్రమే నమ్మరాదు. లేతకోడి ఎముక చెంత పూర్తిగా ఉడికిన పిమ్మటను ఎఱుపు కనబడవచ్చును. పచ్చిది తెల్లగా కనబడుటయు కలదు. మరుసటి యేట శిబిరమున ఆ పనిని, మొదట పచ్చిముక్క కొఱికిన బాలునికే ఒప్పగించితిని. వాడు ప్రతి రెక్కను గుచ్చి, 74కు తక్కువైనదానిని నాకు చూపి మరల నిప్పులపై పెట్టించెను. నాపై వానికి నమ్మకము కుదురలేదని వేఱుగా చెప్పవలెనా?

చివరి అయిదు నిమిషములలో కరివేపాకు రెబ్బల కట్టను కుంచెగా చేసి పాకమును పలుచగా రెండు మూడు పూతలు పూయవలెను. పూత పూతకు ఒకమాఱు త్రిప్పి, మెఱుపు వచ్చి బుడగలు లేవగానే దింపుడు.

మాంసము తినని పిల్లలకు వేఱొక పొయ్యి, వేఱొక చట్రము ముందుగానే ఏర్పఱచవలెను. మొక్కజొన్న పొత్తులకును, చిలగడదుంపలకును ఆ పాకమే అమరును. వేఱు గిన్నెలో తీసి యుంచిన చాలును. కారము మండినవారికి నీరు కాక మజ్జిగ ఇయ్యవలెను. మిరపలోని క్యాప్సైసిన్ నీట కరగదు. పాలలోని కేసీన్ అను మాంసకృత్తు దానిని పట్టి తొలగించును.

భోజనమైన పిమ్మట నెగడును ఇసుకతో కప్పి పోవుట చాలమంది చేయు పని. కప్పిన నిప్పు గంటలకొలది చల్లారదు; పైకి మామూలు ఇసుకవలెనే యుండి, వట్టికాళ్ళతో పరుగెత్తు పిల్లల అరికాళ్ళను కాల్చును. నిప్పులపై నీరు పోసి, కఱ్ఱతో కలిపి, మరల పోసి, చుఱ్ఱుమను శబ్దము పూర్తిగా ఆగువఱకు పోయుచుండవలెను. తుదకు చేతి వెనుకభాగమును దగ్గఱగా చాపి చూచి, వేడి తగులనప్పుడే పండుకొనపోవలెను.