మీకు తెలుసా? సర్వర్ డిస్క్‌ను పెంచడం సులువు, తగ్గించడమే గండం

ఆఫీసులో అందరూ పని చేసుకుంటూ ఉండగానే, సర్వర్‌లో ముసలిదైపోయిన డిస్క్ మీది డేటా మొత్తాన్ని పక్కనున్న కొత్త డిస్క్‌లోకి తరలించేయొచ్చు. ఎవరి పనీ ఆగదు, ఏ ఫైలు పేరూ మారదు. లినక్స్‌లో ఈ పని చేసే కమాండ్ పేరు పీవీమూవ్. సగంలో కరెంటు పోయినా కొంప మునగదు. సర్వర్ లేచాక అదే కమాండ్ మళ్లీ ఇస్తే, కిందటిసారి ఎంతవరకు వచ్చిందో చూసుకుని అక్కణ్నుంచి అందుకుంటుంది. కొత్తచోట రాత పూర్తయ్యేదాకా పాతచోటును వదలదు, అదీ దాని ధైర్యం.

దీని వెనకున్నది ఎల్‌వీఎం, అంటే లాజికల్ వాల్యూమ్ మేనేజర్. హైంజ్ మావెల్స్‌హాగన్ 1998లో దీని మొదటి కోడ్ రాశారు. హెచ్‌పీ కంపెనీ యూనిక్స్‌లో అప్పటికే ఉన్న ఏర్పాటు ఆయనకు నమూనా. పద్ధతి మన పల్లెల్లో ఎరిగినదే: వేర్వేరు చేలలో పండిన ధాన్యాన్ని ఒకే గాదెలో పోసి, కావలసినవాళ్లకు కుంచాలతో కొలిచి ఇవ్వడం. డిస్క్‌లన్నీ కలిసిన గాదె పేరు వాల్యూమ్ గ్రూప్, కొలిచి ఇచ్చిన వాటా లాజికల్ వాల్యూమ్, కుంచం పేరు ఎక్స్‌టెంట్. ప్రత్యేకంగా చెప్పకపోతే ఒక్కో ఎక్స్‌టెంట్ 4 ఎంబీ. 100 జీబీ వాల్యూమ్ అంటే 25,600 ఎక్స్‌టెంట్లన్నమాట. అవి ఒకే డిస్క్‌లో వరసగా ఉండాలనే నియమమేమీ లేదు. పది వేలు ఒక డిస్క్‌లో, మిగతావి ఇంకో డిస్క్‌లో ఉన్నా పైనున్న డేటాబేస్‌కు ఆ సంగతే పట్టదు.

వాల్యూమ్‌ను పెంచేటప్పుడు ముందు వాల్యూమ్ పెరగాలి, తర్వాత దానిపై ఉన్న ఫైల్ సిస్టమ్ పెరగాలి. తగ్గించేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు ఫైల్ సిస్టమ్ కుదించుకోవాలి, ఆ తర్వాతే వాల్యూమ్‌ను కత్తిరించాలి. ఫైల్ సిస్టమ్ ఇంకా 100 జీబీ వరకు తనదే అనుకుంటూ ఉండగా కింద వాల్యూమ్ 80 జీబీకి తగ్గిపోతే, చివరి 20 జీబీలో ఉన్న ఫైళ్లకు చిరునామా ఉంటుంది, ఇల్లు ఉండదు. ఈ వరస గుర్తుపెట్టుకునే బాధ లేకుండా, వాల్యూమ్ కొలత మార్చే కమాండ్ పక్కన చిన్న ఆర్ అక్షరం చేరిస్తే రెండు పనులనూ సరైన క్రమంలో అదే చూసుకుంటుంది. అది ఉన్నాక కూడా రెండు కమాండ్లు విడివిడిగా కొట్టడం పాండిత్యమని నేననుకోను.

ఇక్కడే ఒక చిన్న గీత పెద్ద తేడా తెస్తుంది. 100 జీబీ వాల్యూమ్‌ను 20 జీబీ తగ్గించాలంటే అంకె ముందు మైనస్ గుర్తు ఉండాలి. ఆ గీత మరిచిపోతే అర్థం ‘20 తగ్గించు’ కాదు, ‘20కి తగ్గించు’. ఎనభై ఉండాల్సింది ఇరవై మిగులుతుంది. పెంచేటప్పుడు ప్లస్ గుర్తు మరిచిపోతే మాత్రం భయం లేదు: ఉన్నదే 100, నువ్వడిగింది 20, ఇది పెంచడం కాదని కమాండ్ తిరస్కరిస్తుంది. ఈమధ్య వచ్చిన వెర్షన్లు తగ్గించేటప్పుడు కూడా పైనున్న ఫైల్ సిస్టమ్ ఎంత ఉందో చూసి అడ్డుపడుతున్నాయి. పాత సర్వర్లలో మాత్రం డేటా పోవచ్చు, సరేనా అని ఒక్క మాట అడిగి ఊరుకుంటుంది. రాత్రి రెండు గంటలకు ఆ ప్రశ్నను పూర్తిగా చదివి జవాబిచ్చేవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే.

ఒకవేళ కత్తిరింపు జరిగే పోయిందనుకోండి. వెంటనే గుండె జారనక్కర్లేదు. వాల్యూమ్‌ను తగ్గించడమంటే డేటాను తుడిచేయడం కాదు, ఏ ఎక్స్‌టెంట్ ఎవరిదో రాసుకున్న పట్టికను మార్చడం మాత్రమే. ఆ పట్టిక మామూలు అక్షరాల్లో చదువుకోగలిగే ఫైలు. ప్రతి మార్పుకు ముందు ఎల్‌వీఎం పాత పట్టికను ఈటీసీ డైరెక్టరీ కింద ఆర్కైవ్‌లో దాస్తుంది, ‘ఫలానా కమాండ్ నడపడానికి ముందు తీసినది’ అని తలకట్టు కూడా రాసిపెడుతుంది. ఖాళీ అయిన చోటులో ఇంకెవరూ ఏమీ రాయకముందే వీజీసీఎఫ్‌జీరిస్టోర్ అనే కమాండ్‌తో పాత పట్టికను తిరిగి ఎక్కిస్తే వాల్యూమ్ తన పాత కొలతకు వస్తుంది. ఒక్క మెలిక ఉంది. ఖాళీ అయిన చోటును వెంటనే ఎస్‌ఎస్‌డీకి తెలియజేయమనే సెట్టింగ్‌ను ఎవరైనా ఆన్ చేసి ఉంటే, ఎస్‌ఎస్‌డీ ఆ చోటును అప్పుడే చెరిపేసి ఉండొచ్చు. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. అలాగే వదిలేయడమే మేలు.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కైతే పెరగడమే తెలుసు, తగ్గడం దాదాపు తెలియదనే చెప్పాలి. 1990ల్లో సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ తన ఐరిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తయారుచేసుకున్న ఈ ఫైల్ సిస్టమ్‌ను, 2014లో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 తన మామూలు ఎంపికగా చేసుకుంది. ఇందులో ప్రతి ఫైలుకూ ఇచ్చే ఐనోడ్ నంబరు, డిస్క్‌లో అది ఉన్న చోటు నుంచే పుడుతుంది. చోటు మారితే నంబరే మారిపోతుంది, అందుకే వెనక్కి జరపడం అంత కష్టం. చిన్నది చేయాలంటే బ్యాకప్ తీసి, కొత్తగా సృష్టించి, మళ్లీ నింపుకోవాల్సిందే. ఈఎక్స్‌టీ4కు తగ్గడం వచ్చు, కానీ దానికోసం అన్‌మౌంట్ చేయాలి.

క్లౌడ్‌లోనూ కథ మారలేదు. అమెజాన్ తన ఈబీఎస్ డిస్క్‌లను మెషీన్ ఆపకుండా పెంచే వీలు 2017లో ఇచ్చింది, తగ్గించే వీలు మాత్రం ఇవ్వలేదు. పెంచినంతకూ బిల్లు వస్తూనే ఉంటుంది. పైగా, వెబ్ పేజీలో అంకె మార్చగానే పని అయిపోదు. లోపల పార్టిషన్‌ను గ్రోపార్ట్‌తో సాగదీయాలి, ఆ తర్వాత ఫైల్ సిస్టమ్‌ను. మొదటి అడుగు దగ్గరే ఆగిపోయి, ఖాళీ చోటు లెక్క చూపే డీఎఫ్ కమాండ్‌లో ఇంకా పాత అంకే కనిపిస్తోందని గాభరా పడేవాళ్లే ఎక్కువ.

అందుకే గాదె మొత్తాన్ని మొదటిరోజే పంచేయకూడదని నా పక్షం. వాల్యూమ్ గ్రూప్‌లో కొంత చోటు ఎవరికీ ఇవ్వకుండా ఉంచితే, ఎవరికి ఇరుకైతే వాళ్లకు నిమిషంలో అందించొచ్చు.

అదీ ఇచ్చే ముందు, ఉన్నదాంట్లోనే ఇరుక్కుపోయిన చోటు ఉందేమోనని రెండు చోట్ల వెతకాలి. ఈఎక్స్‌టీ4 మామూలుగా నూటికి 5 వంతులు రూట్ యూజర్ కోసం అట్టిపెడుతుంది. 10 టీబీ డేటా వాల్యూమ్‌లో అది అర టీబీ. ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో ఆ వాటాను నడుస్తుండగానే తగ్గించొచ్చు. రెండోది, చెరిపేసిన లాగ్ ఫైలు. ఏదైనా ప్రోగ్రామ్ దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే పేరు పోతుంది గానీ చోటు ఖాళీ కాదు. ఫైళ్ల కొలతలు కూడి చెప్పే డీయూ లెక్కలో అది కనపడదు, డీఎఫ్ మాత్రం డిస్క్ నిండిందనే అంటుంది. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ నడిపి, పేరు పక్కన చెరిపేసినట్టు గుర్తున్న ఫైలును ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో చూసి, దాన్ని ఒకసారి రీస్టార్ట్ చేయండి.