మచ్చ నీళ్లది, పుచ్చు రాత్రిది

"సరిగ్గా తోమితే కదా! చూడు, పండ్లెట్ల పచ్చగైనాయో." పత్తికొండ వైపు పల్లెల్లో, రాయచోటి చుట్టూ ఉన్న మెట్ట ఊళ్లలో ఎనిమిదేళ్ల బిడ్డకు ఈ మాట కొత్త కాదు. తిట్టు తిన్న బిడ్డ మర్నాడు ఇంకా గట్టిగా తోముతుంది. ఉప్పు, బొగ్గు, ఇటుక పొడి, పొయ్యిలో బూడిద, ఏది దొరికితే అది. చిగుళ్లు ఒరుసుకుపోయి నెత్తురు వస్తుంది గానీ ముందుపళ్ల మీది పసుపు, గోధుమరంగు చారలు పోవు. పైన పట్టిన పాచి అయితే తోమితే పోయేది. ఇది పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే దాని గట్టి పైపొర ఎనామిల్‌లో పడిన మచ్చ, తాగిన నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ చేసిన పని.

శాశ్వత ముందుపళ్ల ఎనామిల్ పుట్టిన కొన్ని నెలలకే మొదలై నాలుగైదేళ్ల లోపు తయారవుతుంది. ఆ పన్ను బయటికి వచ్చేది ఆరేడేళ్లకు. అంటే ఎనిమిదేళ్ల బిడ్డను మనం తిడుతున్నది, రెండేళ్లప్పుడు మనమే గ్లాసులో పోసి ఇచ్చిన నీళ్లకు. ముందు ఈ అన్యాయం ఆగాలి.

కర్నూలుకు పడమర ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల్లో, కడపకు దక్షిణాన రాయచోటి వైపు నేల కింద ఉన్నవి ఎక్కువగా గ్రానైటు, నైస్ రాళ్లు. వాటిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. చెరువు ఎండితే బోరు, బోరు ఎండితే ఇంకా లోతు బోరు. లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాతిని అంటిపెట్టుకుని ఎక్కువ కాలం ఉంటాయి, ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము మించకూడదని మన దేశ ప్రమాణం. వేరే దారి లేనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. మన ఎండకు బిడ్డ తాగే నీళ్లూ ఎక్కువే కాబట్టి ఒంట్లో చేరేదీ ఎక్కువే. సుంకేసుల దగ్గర మొదలయ్యే కె.సి. కాలువ లాంటి ఏటి నీళ్లలో ఫ్లోరైడ్ మామూలుగా తక్కువ. కాలువ నీళ్లు తాగే ఊరికీ బోరు మీద బతికే ఊరికీ తేడా పిల్లల నోట్లో కనిపించేది అందుకే.

ఇది ఇవాళ్టి బాధ కాదు. దేశంలో ఫ్లోరైడ్ జబ్బు ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి 1937లో నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం, అంటే మనకు నల్లమల దాటితే ఆ పక్కనే. అంతకు ముందు అమెరికాలో ఒక వెతుకులాట జరిగింది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి వచ్చిన యువ దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే అక్కడి వాళ్ల పళ్ల మీద గోధుమ మచ్చలు చూసి ముప్పై ఏళ్లు కారణం వెతికాడు. 1931లో రసాయన శాస్త్రవేత్త హెచ్.వి. చర్చిల్ నీటిలో ఫ్లోరైడ్‌ను పట్టుకున్నాడు. మెకే గమనించిన రెండో సంగతి ఇంకా విలువైనది: మచ్చలున్న ఆ పళ్లు పుచ్చడం తక్కువ. కొంచెం ఉంటే కాపాడేది, ఎక్కువైతే చెరిపేది ఈ ఫ్లోరైడే. అది తక్కువగా ఉన్నచోట 1945 నుంచి ఊరి నీళ్లలో కలపడం మొదలుపెట్టారు. అమెరికాలో 2015లో లీటరుకు 0.7 మిల్లీగ్రాములు చాలన్నారు. మనకు కలపాల్సిన అవసరం లేదు, కొలవాల్సిన అవసరం ఉంది. మచ్చ ఉంది కాబట్టి పుచ్చదులే అనే ధీమా కూడా వద్దు. మచ్చ ముదిరిన చోట ఎనామిల్ గుల్లబారి పెచ్చులూడుతుంది, ఆ గుంటలో పుచ్చు సులువుగా చేరుతుంది.

నీళ్ల విషయంలో ఇళ్లల్లో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, కాచి చల్లార్చితే సరిపోతుందనుకోవడం. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో అది చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ దాన్ని ఆపలేదు. సరిగా పనిచేసే ఆర్వో ప్లాంటు చాలావరకు తీసేస్తుంది. రెండో పొరపాటు అక్కడే: తాగడానికి ప్లాంటు క్యాను కొంటారు, సంగటికీ అన్నానికీ పప్పుకూ మాత్రం బోరు నీళ్లే పోస్తారు. సంగటి పీల్చుకున్న నీళ్లూ బిడ్డ కడుపులోకే పోతాయి కదా. డబ్బుకు ఇబ్బందై ఇంటిల్లిపాదికీ క్యాన్లు కొనలేని వాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఎనిమిదేళ్ల లోపు బిడ్డ తాగే నీళ్లు, పాలపొడి కలిపే నీళ్లు, ఆ బిడ్డ తినే అన్నం ఉడికే నీళ్లు, ముందు వీటికి మంచినీళ్లు కేటాయించండి. పెద్దవాళ్ల పళ్లకు కొత్తగా మచ్చ పడదు.

ఇక పుచ్చు సంగతి. దీన్ని బోరు మీదికి నెట్టలేం. "పాలపండ్లే కదా, యాడికైనా ఊడిపోయేటివే" అనే మాట ఎంత మంది పిల్లలను రాత్రుళ్లు ఏడిపించిందో లెక్కలేదు. ఊడిన పన్నును మిద్దె మీదికి విసిరే సరదా ముందుపళ్లకు ఆరేడేళ్లకు వస్తుంది. వెనక పాలదవడ పళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. కింద ఎదుగుతున్న శాశ్వత పంటి కోసం అవి బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టినట్టు చోటు పట్టి ఉంచుతాయి. అయిదేళ్లకే పుచ్చి పీకించుకుంటే పక్క పళ్లు ఆ చోటులోకి ఒరుగుతాయి, తర్వాత వచ్చేది వంకర తిరుగుతుంది. అంతకంటే ముందు నొప్పి. ఒక పక్కనే నమలడం, తిండి తగ్గడం, నిద్ర లేకపోవడం, బడి మానడం.

పుచ్చుకు రాత్రి కావాలి. పగలు నోట్లో ఊరే ఉమ్మి చక్కెర వల్ల పుట్టిన ఆమ్లాన్ని కడుగుతూ ఉంటుంది. నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గుతుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయిన బిడ్డ పైపళ్ల మీద తీపి పాలు తెల్లవార్లూ నిలుస్తాయి. పై ముందుపళ్లు వరసగా గోధుమరంగుకు తిరిగి మొండిగా మిగిలాయంటే ఎక్కువగా కారణం ఇదే. పాలు పట్టండి, తాగిన తర్వాత తడిగుడ్డతో పళ్లు తుడిచి పడుకోబెట్టండి. సీసా పడకలోకి రానివ్వద్దు.

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి (వలస కూలి పనికి) పోయే కుటుంబాలను తలుచుకుంటే ఈ సలహాలన్నీ చెప్పినంత తేలిక కాదని తెలుస్తుంది. గుంటూరు మిరప చేలకు తెల్లవారుజామునే బయలుదేరే తల్లి బిడ్డను ఊరుకోబెట్టేది టీలో అద్దిన బన్నుతో, అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌తో. గుడారంలో బ్రష్షు ఎక్కడుంటుంది? ఆ తల్లిని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. అయినా బిస్కెట్ ప్యాకెట్ పొద్దంతా కొంచెం కొంచెంగా నమిలే బదులు ఒక్కసారే తినిపించి నీళ్లు పుక్కిలించమనడం చేలోనూ చేయగలిగిన పని. తీపి ఎంత తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది పంటికి ఎక్కువ చేటు. నేతి మిఠాయిలకు పేరున్న జి. పుల్లారెడ్డి పేరు మీదే కర్నూలులో దంత వైద్య కళాశాల ఉంది. పండగకు భోజనంతో పాటు తిన్న లడ్డూ పంటికి శత్రువు కాదు. రోజంతా బుగ్గన పెట్టుకున్న చాక్లెట్ శత్రువు. సర్కారు బడుల్లో ఇచ్చే వేరుశనగ చిక్కీ, బెల్లం రాగిజావ రక్తహీనత ఉన్న పిల్లలకు కావాల్సినవే, మాన్పించొద్దు. తిన్నాక కుళాయి దగ్గర పిల్లలందరి చేత పుక్కిలింపజేయడం అయ్యవార్లకు రెండు నిమిషాల పని.

తోమడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పళ్లు తోమడం బిడ్డ పని కాదు, మీ పని. జడ తానే వేసుకోలేని బిడ్డ వెనక దవడ పళ్లు తోముకోగలదా? ఉదయం బిడ్డను తోముకోనివ్వండి, రాత్రి పడుకునే ముందు మీరు తోమండి. రాత్రి తోమిన తర్వాత నీళ్లు తప్ప ఏమీ ఇవ్వద్దు. మూడేళ్ల లోపు పేస్టు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. మన దేశంలో ఫ్లోరైడ్ పేస్టులో అది 1000 పీపీఎం (పది లక్షల భాగాలకు వెయ్యి) మించకూడదు. పంటికి తగిలితే మేలు, మింగితే నష్టం. ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లలో మింగనివ్వకపోవడం మరీ ముఖ్యం, కాబట్టి పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. ఉమ్మడం రాని పసిబిడ్డకు ఏ పేస్టు వాడాలో దంతవైద్యుణ్ని అడగండి. పొగాకు కలిపిన పళ్లపొడిని, నశ్యాన్ని పిల్లల దగ్గరికే రానివ్వద్దు.

తోమితే చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోందని మానేసే ఇళ్లు చాలా ఉన్నాయి. చాలాసార్లు నెత్తురు వచ్చేది అక్కడ పాచి పేరుకుని చిగురు వాచినందుకే. మెత్తని బ్రష్షుతో చిగురూ పన్నూ కలిసే గీత వెంట మెల్లగా తోమితే రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోయినా, పుచ్చిన పంటి పక్కన చిగురు మీద చీముపొక్కు లేచినా, బుగ్గ వాచి జ్వరం వచ్చినా ఇంట్లో లవంగం పెట్టుకుంటూ కూర్చోవద్దు.

ఆరేళ్లప్పుడు చివరి పాలదవడ పంటి వెనక చప్పుడు లేకుండా ఒక శాశ్వత దవడ పన్ను వస్తుంది. దానికోసం ఏదీ ఊడదు కాబట్టి ఎవరూ గమనించరు, పాలపన్నే అనుకుంటారు. దాని గాడులు లోతు, తొందరగా పుచ్చుతుంది. రాగానే చూపిస్తే ఆ గాడుల మీద నొప్పి లేకుండా సీలెంట్ పూత వేస్తారు. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. దంత కళాశాలల్లో పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంటుంది. ఫ్లోరైడ్ మచ్చలు తగ్గించే చికిత్సలూ చేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందం చూడాల్సిన వాటిలో దంత సమస్యలూ ఉన్నాయి. బృందం వచ్చిన రోజు బిడ్డను ఇంట్లో ఉంచుకోవద్దు.

చివరగా ఊరి పెద్దలకు, అమ్మలకు ఒక విన్నపం. ఈ వారమే మీ గ్రామ సచివాలయానికి పోయి, పిల్లలు తాగుతున్న బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో అడగండి. జల్ జీవన్ మిషన్ కింద పల్లెలకు నీటి పరీక్ష కిట్లు ఇచ్చారు, గ్రామీణ నీటి సరఫరా శాఖకు ప్రయోగశాలలు ఉన్నాయి. వచ్చిన అంకెను అంగన్‌వాడీ గోడ మీద రాయించండి. అది 1.5 దాటితే, ఆ అంగన్‌వాడీ వంటకూ తాగడానికీ వేరే నీళ్లు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.