తిన్నింటి వాసాలు లెక్కపెట్టవచ్చునా?

సెలవులకు పిల్లలతో కోనసీమ వెళ్ళి, దిండిలో వశిష్ఠ గోదావరి గట్టున ఒక అద్దె ఇంట్లో రెండు రోజులు గడిపారనుకోండి. "మొహమాటపడకండి, ఇంకాస్త వేయించుకోండి" అంటూ ఇంటావిడ కొసరి కొసరి వడ్డించింది. వచ్చేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు చేతిలో పెట్టింది. కాని దోమతెర నిండా చిరుగులు, స్నానాలగదిలో నీళ్ళు సరిగా పోవు. ఇంటికొచ్చాక "బస ఎలా ఉంది?" అని ఫోనులో అడుగుతారు. ఏం రాస్తారు?

మనలో చాలామంది అయిదు నక్షత్రాలూ ఇచ్చేసి ఊరుకుంటాం. తిన్నింటి వాసాలు లెక్కపెడతామా అని మొహమాటం! ఆవిడా మన గురించి రాయాలి. పిల్లలు గోడమీద గీతలు గీసినా "మంచి కుటుంబం" అనే రాస్తుంది. ఇద్దరి మర్యాదా దక్కింది. మన మాట నమ్మి చంటిపిల్లతో వెళ్ళిన తల్లే నష్టపోయింది.

ఈ ఇబ్బందికి 2014లో ఎయిర్‌బీఎన్‌బీ వారు ఒక పద్ధతి పెట్టారు. రాయడానికి 14 రోజుల గడువు. ఇద్దరూ రాసేదాకా, లేదా గడువు తీరేదాకా, ఒకరు రాసింది మరొకరికి కనబడదు. అంచేత దెబ్బకు దెబ్బ తీస్తారన్న భయం తగ్గుతుంది. మొహమాటం మాత్రం మనమే వదిలించుకోవాలి.

ఎలాగంటారా? లోపం కనబడగానే ఇంటావిడతో నెమ్మదిగా చెప్పండి. సరిచేస్తే ఆ సంగతీ రాయండి. చెయ్యకపోతే "చెత్త ఇల్లు" అనకండి, అది ఆవిడకు జీవనాధారం. "దోమతెర చిరిగింది" అని ఉన్నదున్నట్టు రాయండి, వంటను మెచ్చుకోవడం మరవకండి. డబ్బిచ్చి దిగిన ఇంట్లో వాసాలు లెక్కపెట్టడం తప్పు కాదమ్మా, లెక్క తప్పు చెప్పడమే తప్పు.