కత్తి పెట్టకముందే అడగాల్సినవి

బందరులో ఒక ల్యాబులో టెక్నీషియనుగా నా ఉద్యోగమంతా గడిచింది. ఒంట్లోంచి తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో దిమ్మ కట్టి, పల్చటి పొరలుగా కోసి, రంగులద్ది, గాజు స్లైడు మీద పరిచి పాథాలజిస్టు గారికి ఇవ్వడం నా పని. సార్కోమా అనుమానం వచ్చిన రోజు ఆయన మైక్రోస్కోపు దగ్గర్నుంచి త్వరగా లేచేవారు కాదు. పెద్దవాళ్లకొచ్చే క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి. ఆ ఒక్కదాంట్లోనే 70కి పైగా రకాలున్నాయి. కండ, కొవ్వు, ఎముక, రక్తనాళం, నరం చుట్టూ ఉండే పొర, ఎక్కడైనా పుట్టొచ్చు. రోజూ చూసే జబ్బు కాదు కాబట్టే, డాక్టరు గారి దగ్గరికి వెళ్లేముందు మనం చేసుకోవాల్సిన పని ఎక్కువ.

మాది శ్రీకాకుళం. ఉత్తరాంధ్రది కాదు, ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. మా చిన్నాన్న కొడుక్కి కుడి తొడలో గడ్డ కనిపించింది. నొప్పి లేదు కదా అని మినుము పీకేదాకా ఆగాడు. నొప్పి లేకపోవడం వల్లనే ఈ జబ్బులో చాలామంది ఆలస్యం చేస్తారు. ఐదు సెంటీమీటర్లు దాటిన గడ్డ, కండలో లోతుగా ఉన్నది, రోజురోజుకీ పెరిగేది, తీయించాక మళ్లీ వచ్చినది, వీటిలో ఏదైనా సరే స్కానింగు చేయించకుండా వదలకూడదు. పిల్లలు మోకాలి దగ్గర నొప్పని రాత్రిళ్లు లేచి ఏడుస్తుంటే ‘ఎదిగే నొప్పి’ అని సరిపెట్టుకోకుండా ఎక్స్‌రే తీయించాలి.

మావాణ్ణి మొదట చూసినచోట, “కొవ్వు గడ్డ, అరగంటలో తీసేస్తాం” అన్నారు. నేను అడ్డం పడ్డాను. సార్కోమా అనుమానం ఉంటే ముందు ఎమ్మారై, తర్వాత సూదితో ముక్క పరీక్ష, ఆ తర్వాతే ఆపరేషను. సూది ఎటునుంచి దిగాలో కూడా చివరికి ఆపరేషను చేసే సర్జనుతో మాట్లాడి నిర్ణయించాలి. సూది వెళ్లిన దారిలో జబ్బు కణాలు మిగిలే అవకాశం ఉంటుంది, ఆ దారిని కూడా గడ్డతోపాటు తీయాల్సి రావచ్చు. ఇప్పటికే ఎవరికైనా తీసేసి ఉంటే కుంగిపోవద్దు. ఆపరేషను నోట్సు, రిపోర్టు పట్టుకెళ్లి, “అంచుల్లో ఏమైనా మిగిలిందా, మళ్లీ చేయాలా?” అని అడగండి.

రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే చాలదు. స్లైడ్లు, మైనం బ్లాకులు ల్యాబులో అడిగి తీసుకోండి. అసలు సమాచారమంతా వాటిలోనే ఉంది. పెద్ద ఆసుపత్రిలో పాథాలజిస్టు వాటిని మళ్లీ చూసి, అవసరమైతే జన్యు పరీక్షలు చేయించి రకం తేలుస్తారు. ఒక్కోసారి జబ్బు పేరే మారిపోతుంది, దాంతో మందూ మారుతుంది. బ్లాకుల్ని ఎండ తగిలేచోట, ఇంజను వేడి తగిలేచోట పెట్టకండి, మైనం కరుగుతుంది. స్కాన్‌ల సీడీలు కూడా కావాలి. గడ్డ ఎప్పుడు కనిపించింది, ఎంత పెరిగింది, షుగరు, బీపీ మాత్రలేమిటి, పసరు కట్లు వేయించారా, మర్దన చేయించారా, అన్నీ ఒక అరఠావులో రాసుకోండి. తిడతారేమోనని కట్టు సంగతి దాచొద్దు.

పెద్దాసుపత్రికి బయల్దేరే ముందురోజు మావాడి భార్య, మా మరదలు, నన్ను వంటింట్లోకి పిలిచింది. “వదినా, ఆయనకి క్యాన్సరని చెప్పొద్దని డాక్టరు గారికి ముందే చెప్పు” అంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. మన ఇళ్లన్నిటిలో ఇదే మాట. ప్రేమతోనే అంటారు. కానీ వారాల తరబడి కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవాల్సినవాడికి, కాలికి పెద్ద ఆపరేషను చేయించుకోవాల్సినవాడికి ఎందుకో తెలియకుండా ఎలా? సంతకం పెట్టేది అతనే, ఓర్చుకునేదీ అతనే. రాత్రి అన్నాలయ్యాక వాణ్ణే అడిగాను, “రేపు డాక్టరు గారు ఎంతవరకు చెప్పాలనుంది నీకు?” అని. కాసేపాగి, “జబ్బు సంగతంతా చెప్పమను అక్కా. ఎన్నాళ్లుంటానన్నది మాత్రం నేనడిగితేనే చెప్పమను” అన్నాడు. మర్నాడు గదిలో కూర్చోగానే మేం చెప్పిన మొదటి మాట అదే. ఆ డాక్టరు గారు కుర్చీ వాడివైపు తిప్పుకుని, మాతో కాకుండా వాడితోనే మాట్లాడారు. ఏ ఇంట్లోనైనా ప్రయాణానికి ముందు ఈ ఒక్క మాట తేల్చుకోవాలని నా కోరిక.

మనవాళ్లు జీపు నిండా బయల్దేరతారు. లోపలికి ఇద్దరు చాలు. ఒకరు వినడానికి, ఒకరు రాయడానికి. అనుమతి అడిగి ఫోనులో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది.

డాక్టరు గారిని అడగాల్సినవన్నీ రాసుకున్న మావాడి పుస్తకంలో మొదటి ప్రశ్న, “కాలు తీసేస్తారా?” అందరి భయమూ అదే. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వైద్యులు 43 మంది రోగుల మీద చేసిన పరిశీలన 1982లో అచ్చయింది. కాలో చెయ్యో తీసేసినవాళ్లూ, గడ్డ మాత్రం తీసి కరెంటు పెట్టించుకున్నవాళ్లూ ఇంచుమించు ఒకేలా బతికారని తేలింది. ఇప్పుడు చాలామందికి కాలు దక్కుతోంది. అందుకే ప్రశ్నను ఇలా మార్చి రాశాం: కాలు నిలిపే వీలుందా, నిలిపితే పొలం గట్టు మీద నడవగలనా?

తర్వాతవి ఇవి. జబ్బు ఏ రకం, ఏ గ్రేడు? ఊపిరితిత్తుల సీటీ తీశారా? సార్కోమా పాకితే ఎక్కువగా అక్కడికే పాకుతుంది. సర్జను, కీమో డాక్టరు, కరెంటు డాక్టరు అందరూ కూర్చునే ట్యూమర్ బోర్డులో మా కేసు పెడతారా? ఇలాంటివి మీ దగ్గరికి తరచు వస్తుంటాయా అండీ? ఈ ప్రశ్నకు మంచి డాక్టరు కోపం తెచ్చుకోరు. రెండో అభిప్రాయం కావాలంటే విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా ఆసుపత్రి ఉంది, హైదరాబాదులో ఎంఎన్‌జే, బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి.

కీమో గురించి “పెడతారా లేదా” అని కాకుండా “మా రకానికి దానివల్ల ఎంత మేలు” అని అడగాలి. పిల్లల ఎముక సార్కోమాకి కీమో ప్రాణం నిలిపే మందు. అందులో వాడే మెథోట్రెక్సేట్ 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో నడిపిన పరిశోధనల ఫలం. కండలో పుట్టే రకాల్లో కొన్నింటికి మాత్రం కీమో లాభం స్వల్పం. పెళ్లికాని కుర్రాళ్లు ఉంటే సిగ్గుపడకుండా, కీమోకి ముందే వీర్యం భద్రపరిచే ఏర్పాటు అడగాలి. ఆడపిల్లలకైతే పిల్లలు పుట్టే వీలు కాపాడే ఏర్పాటు గురించి తల్లి అడగాలి. మొదలయ్యాక అడిగితే ఆలస్యమే.

డబ్బు సంగతి డాక్టరుతో కాదు, ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం డెస్కు దగ్గరుండే ఆరోగ్యమిత్రతో మాట్లాడండి. కార్డు, ఆధార్ చూపించి ఏవి పథకంలో వస్తాయో, ఏవి రావో రాయించుకోండి.

లేచి వచ్చేముందు ఇంకొకటి. కీమో రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. మా ఊరి నుంచి కీమో ఇచ్చే ఆసుపత్రి చాలా దూరం. అర్ధరాత్రి ఎవరికి ఫోను చెయ్యాలి, ముందు దగ్గర్లో ఏ ఆసుపత్రికి పరుగెత్తాలి, అక్కడివాళ్లకి ఏ కాగితం చూపించాలి? ఈ మూడూ పుస్తకంలోకి ఎక్కాకే మా మరదలు కుర్చీలోంచి లేచింది.