గుంత తీసే ముందు గ.సా.భా.: 36 అడుగుల గడులు మీ పొలంలో సరిగ్గా పడతాయా?



ఐదంచెల తోటకి 36×36 అడుగుల గడి వేస్తాం కదా, సుమారు మూడు సెంట్లు. కూరగాయ మడి తప్పుపడితే వచ్చే పంటకి మార్చుకోవచ్చు. మూడేళ్లు పెరిగిన మామిడిని మార్చలేం. అందుకే గునపం పట్టే ముందే లెక్క చూసుకోవాలి. అదే చిన్నప్పుడు బడిలో చదివిన గ.సా.భా., గరిష్ఠ సామాన్య భాజకం. అంటే పొడవునీ వెడల్పునీ మిగులు లేకుండా కొలిచే అతి పెద్ద కొలత.

తాడుతో లెక్క

పొలం 252 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు అనుకుందాం. ఎకరా నాలుగు సెంట్లు. వీడియోలో చూపించినట్టు రెండు తాళ్లు పక్కపక్కన పరవండి.

- 252లో 180 పోతే 72 మిగులు.
- 180లో 72 రెండుసార్లు పోతే 36 మిగులు.
- 72లో 36 రెండుసార్లు. మిగులు లేదు.

గ.సా.భా. 36. ఇది సుమారు 2,300 ఏళ్ల కిందట యూక్లిడ్ రాసిపెట్టిన పద్ధతే. పొడవులో 7, వెడల్పులో 5, మొత్తం 35 గడులు పడతాయి.

మొక్కలు ఎన్ని కొనాలి?

పెద్ద మొక్కని గడి మధ్యలో పెడితే 35 చాలు. గడి మూలల్లో పెడితే 8×6, అంటే 48 కావాలి. మూలల్లో అయితే అంచు చెట్లు గట్టు మీదకొచ్చి, పక్క రైతు వరి మీద నీడ పడుతుంది. మధ్యలో పెడితే గట్టుకి 18 అడుగుల దూరం ఉంటుంది. ఆనుకుని వరి ఉంటే మధ్యలోనే పెట్టండి.

కొలత కుదరకపోతే?

పొలం 254×182 ఉంటే గ.సా.భా. 2కి పడిపోతుంది. కంగారు పడొద్దు. నాలుగు వైపులా అడుగు చొప్పున గట్టుకి వదిలేయండి, మళ్లీ 252×180 వచ్చేస్తుంది. గుర్తుంచుకోండి: గ.సా.భా. 36 గానీ, 72, 108 లాంటి దాని గుణిజం గానీ అయితేనే 36 అడుగుల గడులు మిగులు లేకుండా పడతాయి. లేదంటే మిగిలిన పట్టీని ముందే కొలిచి, దారికో పశుగ్రాసానికో కేటాయించండి.

అమ్మకంలోనూ ఇదే

60 కిలోల చోళ్లు, 48 కిలోల కందులు, 36 కిలోల పెసలు ఉన్నాయా? గ.సా.భా. 12. అంటే 12 ఒకేలాంటి సంచులు కట్టొచ్చు. ఒక్కోదాంట్లో చోళ్లు 5, కందులు 4, పెసలు 3 కిలోలు. విడిగా గింజ మిగలదు.

ఈసారి టేపు పట్టినప్పుడు పొడవు, వెడల్పు రెండూ అడుగుల్లో రాసుకోండి. లెక్క అయ్యాకే నర్సరీకి వెళ్లండి.