‘యజ్ఞం’ కథ – మార్పు, పరాయితనం

కాళీపట్నం రామారావు (1924–2021) శ్రీకాకుళం ప్రాంతపు జీవితాన్ని కథలుగా మలచిన రచయిత. ఉపాధ్యాయులు కావడంతో ‘కారా మాస్టారు’గా ప్రసిద్ధులయ్యారు. వీరి ‘యజ్ఞం’ 1966లో వెలువడింది. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

కథ సుందరపాలెంలో జరుగుతుంది. అప్పల్రాముడు కొద్దిపాటి భూమి గల దళిత రైతు. గోపన్న దగ్గర చేసిన అప్పు వడ్డీతో పెరిగింది. ఇంటిల్లిపాదీ రెక్కలు ముక్కలు చేసుకున్నా తీరలేదు. తగవు పంచాయతీకి వచ్చింది. ధర్మపరుడని పేరున్న శ్రీరాములు నాయుడు పెద్దరికం వహించాడు. భూమి అమ్మి అప్పు తీర్చడానికి తండ్రి ఒప్పుకున్నాడు. కొడుకు సీతారాముడు ఒప్పుకోలేదు. తన బిడ్డ బానిసగా బతకకూడదని, ఆ పసివాణ్ణి తానే చంపి సభ ముందుకు తెచ్చాడు.

ఈ ముగింపు పాఠకుణ్ణి కలవరపెడుతుంది. ఆ హత్యను ఎవరూ మెచ్చుకోలేరు. అయితే ఒక తండ్రిని అంతవరకు నెట్టినదేమిటి? ఊరు మారింది, అభివృద్ధి వచ్చింది. కాని ఆ మార్పు అప్పల్రాముడి కష్టానికి విలువ పెంచలేదు. దున్నిన భూమి, నమ్మిన న్యాయం రెండూ అతనికి పరాయివయ్యాయి. ఊరు విడవకుండానే అతడు ఊరికి దూరమయ్యాడు. ఇదే పరాయితనం. నియమం తప్పకుండా జరిగే యజ్ఞంలోనూ బలి ఉంటుంది. ఇక్కడ తీర్పు పద్ధతిగానే జరిగింది, బలి మాత్రం పేదవాడి ఇంటి నుండి వచ్చింది. శీర్షికలోని అంతరార్థం ఇదే.

షోలాపూర్ నేతపేటల పిల్లలకు ఈ కథ దూరమైనది కాదు. బతుకుతెరువు కోసం తెలంగాణ పల్లెల నుండి తరతరాలుగా పద్మశాలి కుటుంబాలు ఈ నగరానికి వచ్చాయి. చేమగ్గాల చోట మరమగ్గాలు వచ్చాయి. షోలాపూర్ దుప్పటి దేశమంతటా పేరు పొందింది. సొంత మగ్గం గల నేతగాళ్ళలో ఎందరో పరుల మగ్గాలపై కూలికి కుదిరారు. ఆడవారు బీడీలు చుట్టి సంసారాన్ని ఆదుకున్నారు. అప్పల్రాముడు ఊళ్ళోనే ఉండి పరాయివాడైతే, వీరు ఊరు విడిచి వచ్చి కొత్తచోట నిలదొక్కుకోవలసి వచ్చింది. అయినా మార్కండేయుని గుడి, ఇంటి తెలుగు వారిని కలిపి ఉంచాయి.

మార్పును ఆపడం ఎవరి తరమూ కాదు. మార్పు వచ్చినప్పుడు దాని ఫలం ఎవరికి దక్కింది, దాని వెల ఎవరు చెల్లించారు అని అడగడం ‘యజ్ఞం’ నేర్పుతుంది.